ఇంట్లో అందరూ వాడే వైఫై ప్రింటర్‌లో ప్రింట్ సరిగ్గా రావట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ప్రింట్ మసకగా వచ్చిందంటే చాలామంది వెంటనే చేసే పని హెడ్ క్లీనింగ్ (ఇంక్ చిమ్మే భాగాన్ని శుభ్రం చేసే ఆప్షన్) నొక్కడం. బాగుపడకపోతే మళ్లీ నొక్కుతారు, ఆ తర్వాత ఇంకోసారి. దయచేసి ఆ తొందర వద్దు. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో క్లీనింగ్ చేసిన ప్రతిసారీ ప్రింటర్ ట్యాంకుల్లోని ఇంక్‌ను నాజిళ్ల (హెడ్‌లోని సన్నటి రంధ్రాల) గుండా లాగి, లోపలున్న వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి వదిలేస్తుంది. ఆ ప్యాడ్ నిండిపోతే ప్రింటర్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. లోపం హెడ్‌లో లేనప్పుడు ఇదంతా ఉత్త నష్టం.

ఒక్కరే వాడే ప్రింటర్ సంగతి వేరు, ఇంటిల్లిపాదీ వాడే ప్రింటర్ సంగతి వేరు. ప్రింటర్ ఒక్కటే అయినా నాన్న ల్యాప్‌టాప్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది, పిల్లల కంప్యూటర్‌లో ఇంకోటి ఉంటుంది, ఫోన్‌లోనైతే అసలు సెట్టింగే కనిపించకపోవచ్చు. అందుకని మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ప్రింట్ పాడుగా వస్తున్నది అందరికీనా, ఒక్కరికేనా, లేక ఒక్క ఫైలుకేనా? దీనికి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. మిగతాదంతా ఆ జవాబును బట్టి నడుస్తుంది.

ముందు వైఫైని, కంప్యూటర్లని పక్కన పెట్టండి

వైఫై సిగ్నల్ బలహీనంగా ఉంటే అక్షరాలు మసకబారతాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. దారిలో ఏ ముక్క పోయినా దాన్ని మళ్లీ పంపుతారు, కాబట్టి డేటా చేరితే పూర్తిగా చేరుతుంది, లేకపోతే ఆగిపోతుంది. నెట్‌వర్క్ గొడవ వేరే రకంగా బయటపడుతుంది. ప్రింట్ అసలు రాకపోవడం, సగం పేజీ దగ్గర ఆగిపోవడం, క్యూలో ఇరుక్కుపోవడం లాంటివి. రంగు వెలవడానికీ తెల్లచారలు పడటానికీ రౌటర్‌ని తప్పుపట్టి లాభం లేదు. ఒకే ఒక్క మినహాయింపు ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను.

కాబట్టి ప్రింటర్ తనంతట తానే ఒక పరీక్ష పేజీ తీసేలా చేయండి. ఇంక్‌జెట్‌లో దీన్ని నాజిల్ చెక్ అంటారు. ప్రింటర్‌కి చిన్న తెర ఉంటే మెయింటెనెన్స్ మెనూలో కనిపిస్తుంది. తెర లేని మోడళ్లలో సాధారణంగా ఒక బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే వస్తుంది. ఎప్సన్ ఎల్3110లో అది స్టాప్ బటన్. మీ మోడల్‌కి ఏ బటనో మాన్యువల్‌లో ఉంటుంది. కంప్యూటర్ నుంచి కాకుండా ప్రింటర్ నుంచే తీయమనడానికి కారణం, ఇందులో ఏ డ్రైవరూ (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఏ ఫైలూ ఏ సెట్టింగూ జోక్యం చేసుకోవు. ఇక్కడ కనిపించేది కేవలం ప్రింటర్ ఆరోగ్యం.

ఆ పేజీని ట్యూబ్‌లైట్ కింద చూసి పక్కన పెట్టేయకండి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూడండి. నాలుగు రంగుల్లో మెట్లు మెట్లుగా సన్నటి గీతలు ఉంటాయి. ఒక్కో గీత ఒక్కో నాజిల్ వేసింది. నలుపు, నీలం, గులాబీ తేలిగ్గానే కనిపిస్తాయి. పసుపు మాత్రం తెల్లకాగితం మీద కళ్లని మోసం చేస్తుంది. కాగితాన్ని కాస్త వంచి పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరికి మెల్లగా చూస్తూ వెళ్లండి. మెట్ల మధ్య ఎక్కడైనా గీత తెగిపోయినా, ఒక మెట్టు మొత్తం మాయమైనా ఆ నాజిల్ మూసుకుపోయిందని అర్థం. గీతలన్నీ తెగకుండా ఉంటే హెడ్ బాగానే ఉంది, క్లీనింగ్ జోలికి వెళ్లొద్దు.

ఆ కాగితం మీద తేదీ రాసి దాచుకోండి. వచ్చేసారి పోల్చి చూడటానికి దీనికి మించింది లేదు.

నాజిల్ చెక్‌లో గీతలు తెగి ఉంటే

క్లీనింగ్‌కి ముందు ట్యాంకుల్ని కళ్లతో చూడండి. చాలా ట్యాంక్ ప్రింటర్లలో ఇంక్ ఎంత ఉందో కొలిచే సెన్సర్ ఉండదు. కంప్యూటర్‌లో కనిపించే మట్టం ఎన్ని పేజీలు తీశారో చూసి వేసిన అంచనా మాత్రమే. పారదర్శకంగా ఉన్న ట్యాంకు మీద కింది గీత కంటే ఇంక్ తగ్గితే గొట్టాల్లోకి గాలి దూరుతుంది. ఆ పరిస్థితిలో ఎంత క్లీన్ చేసినా ప్రయోజనం ఉండదు. ముందు ఇంక్ నింపండి, పై గీత దాటకుండా.

తర్వాత ఒక్క క్లీనింగ్ చేసి మళ్లీ నాజిల్ చెక్ తీయండి. తెగిన గీతల్లో కొన్ని అతుక్కున్నాయా? అయితే మంచి సూచన, ఇంకోసారి చేయండి. ఇలా మూడుసార్లు చేసినా మార్పు లేకపోతే ఆపేయండి. ప్రింటర్‌ని దాని పవర్ బటన్‌తో ఆఫ్ చేసి కనీసం 12 గంటలు వదిలేయండి. ఎండిన ఇంక్ మెత్తబడటానికీ, గొట్టాల్లోని చిన్న చిన్న గాలి బుడగలు సర్దుకోవడానికీ ఆ సమయం పనికొస్తుంది. రాత్రి వదిలేసి పొద్దున్న చూస్తే గీతలన్నీ తిరిగి వచ్చిన సందర్భాలు చాలానే ఉంటాయి. ఓపిక పట్టలేక వరసగా క్లీనింగ్ చేస్తే ఇంక్ వృథా తప్ప ప్రయోజనం ఉండదు.

అప్పటికీ కుదరకపోతే ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్లలో పవర్ క్లీనింగ్ అని ఒకటుంది. ఇది గొట్టాల్లోని ఇంక్ మొత్తాన్ని మార్చేస్తుంది కాబట్టి బాగా ఇంక్ తాగుతుంది. ప్రతి ట్యాంకులోనూ కనీసం మూడో వంతు ఇంక్ ఉంటేనే చేయాలి, లేకపోతే ప్రింటర్ దెబ్బతినొచ్చు. ఒకసారి చేశాక మళ్లీ చేయాలంటే 12 గంటలు ఆగాలి. ఇది ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరే చేయాల్సిన పని, పిల్లలకి వదిలేయకండి.

హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్, కెనన్ జీ సిరీస్ లాంటి వాటిలో ప్రింట్ హెడ్‌ని విడిగా మార్చుకునే వీలుంది. ఎప్సన్‌లో హెడ్ ప్రింటర్‌లో భాగం, మార్పించాలంటే సర్వీస్ సెంటరే దిక్కు. హెడ్‌ని బయటకు తీసి స్పిరిట్‌తోనో థిన్నర్‌తోనో కడగమని కొన్ని వీడియోలు చెప్తుంటాయి. వాటి మాట వినకండి. అలాంటి రసాయనాలు ప్రింటర్‌కి తగలనివ్వొద్దని కంపెనీల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది.

నాజిల్ చెక్ బాగుంది, కానీ అందరికీ ప్రింట్ పాడుగానే వస్తోంది

అప్పుడు కాగితాన్నీ, హెడ్ అలైన్‌మెంట్‌నీ, రోలర్లనీ చూడాలి. లక్షణాన్ని బట్టి వెళ్లండి.

నిలువు గీతలు నేరుగా రాకుండా మెట్లు మెట్లుగా విరిగినట్టు ఉన్నా, అక్షరాలు రెండేసి కనిపిస్తున్నా అలైన్‌మెంట్ తప్పింది. మెయింటెనెన్స్ మెనూలోనే హెడ్ అలైన్‌మెంట్ ఉంటుంది. అది తీసే నమూనాల్లో ఏది అతుకు లేకుండా ఉందో చూసి ఆ నంబర్ ఇవ్వాలి. ప్రింటర్‌ని ఒక గది నుంచి ఇంకో గదికి మార్చాక ఇలా తప్పితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

సమాన దూరంలో అడ్డంగా సన్నటి చారలు పడుతుంటే హై స్పీడ్ లేదా బైడైరెక్షనల్ అన్న ఆప్షన్‌ని తీసేసి చూడండి. ప్రింట్ నెమ్మదిస్తుంది కానీ చారలు తగ్గుతాయి.

కాగితం అంచుల్లో, వెనకవైపు ఇంక్ మరకలు అంటుతుంటే లోపలి రోలర్ మురికి పట్టింది. ట్రేలో మామూలు తెల్లకాగితం పెట్టి, స్కానర్ అద్దం మీద ఏమీ పెట్టకుండా కాపీ తీస్తూ పోండి. మరక అంటడం ఆగేదాకా ఆ కాగితాలు మురికిని తుడుచుకుంటాయి.

కాగితం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన వాతావరణంలో ఇది చిన్న విషయం కాదు. ఇళ్లలో ఎక్కువగా వాడేది 75 జీఎస్‌ఎం కాపియర్ పేపర్. 500 కాగితాల రీమ్ కొని, కవర్ చించి, సగం ట్రేలో పెట్టి సగం పక్కన పడేస్తాం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలోనూ, వానాకాలంలో ఎక్కడైనా ఆ కాగితం రెండు మూడు రోజుల్లోనే చెమ్మ పీల్చేస్తుంది. చేత్తో పట్టుకుంటే పెళపెళలాడదు, మెత్తగా వంగిపోతుంది. అలాంటి కాగితం మీద ఇంక్ అక్షరం చుట్టూ నూలుపోగుల్లా పాకుతుంది. లేజర్‌లోనైతే టోనర్ (ఇంక్ బదులు వాడే పొడి) సరిగ్గా అంటక అక్కడక్కడా వెలిసిపోయినట్టు వస్తుంది. కొత్త రీమ్ తెరిచి ఒక్క కాగితం పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత ట్రేలో అవసరమైనన్నే ఉంచి, మిగతావి కవర్‌లోనే మడిచి బీరువాలో పెట్టండి.

ఎండాకాలంలో సమస్య తిరగబడుతుంది. ఇంక్‌జెట్ ప్రింటర్లు చాలావరకు 35 డిగ్రీల లోపు వేడిలో వాడటానికి తయారైనవి. రామగుండం, కొత్తగూడెం ఎండల్లో మేడ మీది గదిలో తలుపులు మూసి వదిలేస్తే నాజిళ్ల దగ్గర ఇంక్ ఎండిపోతుంది. ప్రింటర్‌ని చల్లటి గదికి దించండి, కిటికీ ఎండ నేరుగా పడకుండా చూడండి.

ఒక్కరికే పాడుగా వస్తోందా? అయితే ప్రింటర్‌ని వదిలేయండి

ఒకే పీడీఎఫ్‌ని ఇంట్లోని ప్రతి ల్యాప్‌టాప్, ఫోన్ నుంచి ఒక్కో కాపీ తీయండి. ఏది ఎక్కడిదో వెనకాల పెన్సిల్‌తో రాసుకోండి. బల్ల మీద పక్కపక్కన పెడితే దోషి ఎవరో కాగితమే చెప్పేస్తుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోకి వెళ్లి మీ ప్రింటర్ మీద నొక్కి ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ తెరవండి. మూడు చోట్ల చూడాలి. క్వాలిటీ డ్రాఫ్ట్‌లో ఉందా? పేపర్ టైప్ ఏముంది? గ్రేస్కేల్ టిక్ అయి ఉందా? ఎప్పుడో ఇంక్ మిగిల్చడానికి డ్రాఫ్ట్ పెట్టి మర్చిపోవడం మామూలే. ఇంగ్లిష్ అక్షరాలకి డ్రాఫ్ట్ సరిపోతుందేమో కానీ తెలుగుకి సరిపోదు. ‘ద’కీ ‘ధ’కీ, ‘ప’కీ ‘ఫ’కీ మధ్య తేడా కింద ఉండే ఒక చిన్న గీతే. అది చెరిగిపోతే అడంగల్‌లోనో పహాణీలోనో పేరు మారిపోతుంది. తెలుగు పత్రాలకి ఎప్పుడూ స్టాండర్డ్ తగ్గకుండా పెట్టండి. హాల్ టికెట్, ఆధార్ లాంటి క్యూఆర్ కోడ్ ఉన్న వాటికి కూడా అంతే. ప్రింట్ తీశాక ఫోన్‌తో ఆ కోడ్ స్కాన్ అవుతోందో లేదో ఇంట్లోనే చూసుకుంటే గేటు దగ్గర టెన్షన్ ఉండదు.

పేపర్ టైప్ తప్పుగా ఉంటే వింత ఫలితాలు వస్తాయి. మామూలు కాగితం పెట్టి సెట్టింగ్‌లో ఫోటో పేపర్ ఉంచితే ఇంక్ ఎక్కువ పోసి తడిసి ముద్ద అవుతుంది. తిరగేసి ఫోటో పేపర్ పెట్టి సెట్టింగ్‌లో ప్లెయిన్ అని ఉంచితే ఫోటో వెలవెలబోతుంది, చారలు పడతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా ప్రింటర్లు ఫోటో పేపర్ అనగానే అసలు నల్ల ఇంక్‌ని పక్కన పెట్టి మూడు రంగులు కలిపి నలుపు చేస్తాయి. మీ నల్ల అక్షరాలు గోధుమ రంగులోనో ఆకుపచ్చ ఛాయలోనో వస్తుంటే ముందు ఈ సెట్టింగే చూడండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా అసలు క్వాలిటీ ఆప్షన్లే కనిపించకపోతే డ్రైవర్ సంగతి. వైఫైలో ప్రింటర్ కనపడగానే విండోస్ తనంతట తానే ఒక సాధారణ డ్రైవర్‌తో జతచేస్తుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో డ్రైవర్ పేరు చూడండి. ఐపీపీ క్లాస్ డ్రైవర్ అని ఉంటే కంపెనీ వెబ్‌సైట్ నుంచి మీ మోడల్ డ్రైవర్ దించుకుని, పాత ప్రింటర్‌ని జాబితాలోంచి తీసేసి కొత్తగా జోడించండి. జాబితాలో అదే ప్రింటర్ రెండుసార్లు, రెండోదానికి ‘కాపీ 1’ అన్న తోకతో ఉంటే ఒకదాన్ని తీసేయండి. ఒకదానిలో సెట్టింగ్ మార్చి ఇంకోదానికి ప్రింట్ పంపడం అందరి ఇళ్లలో జరిగేదే. అక్షరాల బదులు పిచ్చి గుర్తులతో పేజీలకు పేజీలు వస్తే అది కూడా సరిపోలని డ్రైవర్ పనే.

ప్రింటర్‌ని ఒక కంప్యూటర్‌కి యూఎస్‌బీతో కలిపి అక్కడి నుంచి మిగతావాళ్లకి షేర్ చేశారా? అయితే ఆ కంప్యూటర్‌లోనే ప్రింటర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లోకి వెళ్లి క్వాలిటీ సరిచేయండి. ప్రిఫరెన్సెస్ మీ ఒక్కరికే వర్తిస్తాయి, డిఫాల్ట్స్ అందరికీ మొదలుగా వెళ్తాయి. ఎవరైనా తమ కంప్యూటర్‌లో ఇప్పటికే విడిగా మార్చుకుని ఉంటే అక్కడ కూడా చూడాలి.

ఫోన్ నుంచి వచ్చేవే బాగాలేకపోతే, ప్రింటర్ కంపెనీ సొంత యాప్ వేసుకుని దాన్నుంచి పంపండి. ఫోన్‌లో ముందే ఉండే ప్రింట్ సర్వీస్‌లో తరచూ కాగితం సైజు, రంగు తప్ప ఇంకేమీ మార్చలేం.

ఇప్పుడు పైన చెప్పిన ఆ వైఫై మినహాయింపు. పెద్ద ఫోటో పంపినప్పుడు సిగ్నల్ బాగా నెమ్మదిగా ఉంటే, ఇంక్‌జెట్ పేజీ మధ్యలో డేటా కోసం ఆగి ఆగి కొడుతుంది. ఆగిన చోట ముందు వేసిన ఇంక్ ఆరిపోయి సన్నటి అడ్డగీత పడొచ్చు. దగ్గర కూర్చుని చప్పుడు వినండి. హెడ్ ఆగినచోటే గీత ఉంటే ఇదే కారణం. అదే ఫైలుని యూఎస్‌బీ తీగతో తీస్తే గీత పోవాలి. ఇళ్లలో వాడే చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. కాబట్టి రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆపేసి ఉండకూడదు, ప్రింటర్ ఇనప బీరువా వెనక నక్కి ఉండకూడదు.

ఒక్క ఫైలే పాడుగా వస్తుంటే

ఎక్కువగా దొరికిపోయేది వాట్సాప్. ఫోటోగా పంపిన బొమ్మని అది కుదించేస్తుంది. మామూలు క్వాలిటీలో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. ఏ4 కాగితం నిండా స్పష్టంగా రావాలంటే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు కావాలి, అంటే అంగుళానికి 300. 1600తో అంగుళానికి 137 దగ్గరే ఆగిపోతాం. ఫోన్ తెర మీద ముచ్చటగా కనిపించిన సర్టిఫికెట్ కాగితం మీద మసకబారేది ఇందుకే. పంపేవాళ్లని ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. కాగితాన్ని ఫోటో తీసి పంపడం కంటే ప్రింటర్‌లోని స్కానర్‌తో 300 డీపీఐలో స్కాన్ చేస్తే ఇంకా మేలు.

రెండోది తెలుగు ఫాంట్లు. తెర మీద బాగున్న తెలుగు కాగితం మీద డబ్బాలుగా, ఒత్తులు పక్కకి జరిగి, చుక్కల వలయాలతో వస్తే ఆ కంప్యూటర్‌లో ఫాంట్ లేదనో, పీడీఎఫ్‌లో ఫాంట్ పొదగలేదనో అర్థం. అడోబీ రీడర్‌లో ప్రింట్ తెరిచి అడ్వాన్స్‌డ్‌లో ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెట్టి తీయండి, తెర మీద ఉన్నది ఉన్నట్టు వస్తుంది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో చేసిన శుభలేఖ, కరపత్రం ఫైలుని మీ ఇంట్లో తెరిస్తే ఇంగ్లిష్ గుర్తుల చెత్తలా కనిపిస్తుంది. దాన్ని బాగుచేయడానికి గంటలు వెచ్చించొద్దు. ఫాంట్ పొదిగిన పీడీఎఫ్ ఇవ్వమని షాపువాళ్లనే అడగండి, వాళ్లకది నిమిషం పని.

ప్రింట్లు బాగుండి కాపీల్లో మాత్రమే నిలువు గీత వస్తుంటే స్కానర్ అద్దం చూడండి. పైనుంచి కాగితాలు లాక్కునే ఫీడర్ ఉన్న ప్రింటర్లలో పెద్ద అద్దం పక్కన సన్నటి గాజు పట్టీ ఒకటుంటుంది. దాని మీద ఆవగింజంత వైట్‌నర్ మరక ఉన్నా పేజీ పొడుగునా గీత పడుతుంది. మెత్తటి పొడిబట్టతో తుడవండి.

మీది లేజర్ అయితే

నాజిళ్లు, హెడ్ క్లీనింగ్ ఇక్కడ లేవు. కాగితం మొత్తం వెలిసిపోయినట్టుంటే ముందు టోనర్ సేవ్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. లేకపోతే టోనర్ కాట్రిడ్జ్ తీసి అడ్డంగా పట్టుకుని నాలుగైదుసార్లు అటూ ఇటూ మెల్లగా ఊపి పెట్టండి. అది కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, ఈలోపు కొత్తది తెప్పించుకోవచ్చు.

ఒకే మచ్చ పేజీలో పైనుంచి కిందకి మళ్లీ మళ్లీ పడుతుంటే స్కేలు పెట్టి మచ్చకీ మచ్చకీ మధ్య దూరం కొలవండి. లోపల ఏ రోలర్ చుట్టుకొలత అంత ఉంటే తప్పు దానిది. బ్రదర్ లేజర్లలో చాలా మోడళ్లకి 94 మిల్లీమీటర్లు వస్తే డ్రమ్. బ్రదర్‌లోనే నిలువునా నల్లగీత వస్తుంటే డ్రమ్ యూనిట్ మీదున్న ఆకుపచ్చ మీటని చివరి నుంచి చివరికి కొన్నిసార్లు జరపండి, లోపలి కరోనా తీగ శుభ్రపడుతుంది. మీటని తిరిగి గుర్తు ఉన్న చోటికే తేవాలి. మధ్యలో వదిలేస్తే కొత్తగా ఇంకో గీత మొదలవుతుంది. డ్రమ్‌ని చేత్తో తాకొద్దు, వెలుతురులో ఎక్కువసేపు ఉంచొద్దు.

వేలితో రుద్దితే అక్షరం రాలిపోతోందా? చెమ్మ కాగితమో, మందపాటి కాగితానికి పేపర్ టైప్ ప్లెయిన్ అని ఉండటమో కారణం. అవి రెండూ కాకపోతే టోనర్‌ని వేడిచేసి అంటించే ఫ్యూజర్ పోయింది, అది మెకానిక్ పని. టోనర్ బట్టల మీద ఒలికితే దులిపి చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే మరక బట్టకి పట్టేస్తుంది.

ఇంట్లో అందరికీ చెప్పాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం స్విచ్ బోర్డు. ప్రింటర్‌ని ఎప్పుడూ దాని పవర్ బటన్‌తోనే ఆపాలి. అప్పుడు హెడ్ తన మూత మీదికి వెళ్లి కూర్చుంటుంది, నాజిళ్లు ఎండవు. గోడ స్విచ్ టక్కున తీసేస్తే హెడ్ ఎక్కడుందో అక్కడే మూత లేకుండా ఉండిపోవచ్చు. రాత్రి పడుకునే ముందు స్విచ్‌లన్నీ ఆపేసే అలవాటున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ స్విచ్ పక్కన చిన్న కాగితం అంటించండి. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ప్రింటర్‌ని ఒకసారి ఆన్ చేసి బటన్‌తో ఆఫ్ చేయండి.

వారానికి ఒక్క రంగుల పేజీ అయినా తీయాలి, పని ఉన్నా లేకపోయినా. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చాక మొదట తీయాల్సింది నాజిల్ చెక్.

హెడ్ క్లీనింగ్ ఎవరు చేసినా గోడ మీద తేదీ రాయాలి. పొద్దున్న ఒకరు, సాయంత్రం ఒకరు ఒకరికి తెలియకుండా ఒకరు చేస్తుంటే ట్యాంకులు ఖాళీ అవుతాయి కానీ ప్రింట్ బాగుపడదు.

ఇవన్నీ చేసినా కుదరక సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, పాత నాజిల్ చెక్ కాగితం, తాజాది, ఎన్నిసార్లు క్లీన్ చేశారన్న లెక్క మూడూ చేతిలో పెట్టుకుని వెళ్లండి. ప్రింటర్‌ని మోసుకెళ్లేటప్పుడు ట్యాంక్ మూతలు బిగించి, నిటారుగా పట్టుకోండి. పక్కకి వంచితే ఇంక్ కారుతుంది.